రేపటి హైదరాబాద్‌ను లెక్కగట్టే చదువుకు పంపొచ్చా?

ప్రశ్న: మాది ఎల్బీనగర్. మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. శంకర్‌పల్లి వైపు పొలాలు ఇంకో పదేళ్లలో ఎంతవరకు వెంచర్లుగా మారతాయో ఉపగ్రహ చిత్రాలతో అంచనా వేస్తూ మినీ ప్రాజెక్టు చేసింది. ఎంటెక్ కూడా అందులోనే చేస్తానంటోంది. మ్యాపులు గీసే పనికి జీతాలెక్కడివి, సాఫ్ట్‌వేర్‌లో చేర్పించండి అని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

సమాధానం: చేరనివ్వండి. కాకపోతే మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది, ముందు అది చెప్తాను. ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ మ్యాపులతో పనిచేసే ఈ రంగంలో (రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ అంటారు) తేలిగ్గా దొరికేవి డిజిటైజేషన్ ఉద్యోగాలు. తెర మీద కనిపించే రోడ్డునో భవనాన్నో మౌస్‌తో గీసి పేరు పెట్టాలి. జీతం తక్కువ, ఎదుగుదల నెమ్మది. పైగా ఆ పనిని ఇప్పుడు కంప్యూటరే చాలావరకు చేసేస్తోంది. ఎంటెక్ చేసి కూడా అక్కడే ఆగిపోయిన పిల్లలున్నారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకుని నేల గురించి నేర్చుకోకపోతే అలాగే అవుతుంది.

మీ అమ్మాయి ప్రాజెక్టునే తీసుకుందాం. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని చిత్రిస్తున్నాయి. 2008 నుంచి ఆ చిత్రాలు అందరికీ ఉచితం. 2000, 2010 నాటి చిత్రాలను పొలం, చెరువు, బీడు, కట్టడం అని విడగొట్టి, ఏది దేనిగా మారిందో, రోడ్డుకు ఎంత దూరంలో మారిందో కంప్యూటర్‌కు నేర్పుతారు. దాంతో 2020 మ్యాప్ వేయించి, అప్పటి అసలు చిత్రంతో పోల్చి చూస్తారు. రెండూ సరిపోలాకే 2030 వైపు చూడాలి. క్యూజీఐఎస్ లాంటి ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఇది ఇంట్లో కూర్చుని చేయొచ్చు.

చిక్కంతా నేల దగ్గరే వస్తుంది. మే నెలలో ఎండిన చెరువు బీడులా కనిపిస్తుంది. మన రాతినేల, కాంక్రీటు ఉపగ్రహ చిత్రంలో ఒకేలా అనిపిస్తాయి. ఇంకా పెద్ద సమస్య జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కట్టడాల మీద 1996లో అది ఆంక్షలు పెట్టింది. శంకర్‌పల్లి మండలంలో కొన్ని ఊళ్లు దాని కిందికే వస్తాయి. 2022లో ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఆంక్షలున్న కాలాన్నే చూసి నేర్చుకున్న కంప్యూటర్‌కు అక్కడ ఇళ్లు తక్కువగా లేచాయని తెలుసు, ఎందుకు తక్కువో తెలియదు. ఇకముందూ తక్కువే అంటుంది. మ్యాప్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, అంచనా మాత్రం నమ్మలేం. ఆంక్షలుంటే ఒక మ్యాప్, లేకపోతే ఇంకో మ్యాప్ వేసి, రెండింటిలో ఆ జలాశయాలకు చేరే వాననీటిలో తేడా ఎంతో చెప్పగలిగితే, అప్పుడు అది ప్లానింగ్ వాళ్లకు పనికొచ్చే పని. మీ అమ్మాయి ఈ జీవో సంగతి లెక్కలోకి తీసుకుందో లేదో ఒకసారి అడగండి.

సివిల్ చదవడం ఆమెకు కలిసొస్తుంది. 2020 అక్టోబరు వానలకు మీ పక్కనే సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు ఎలా మునిగాయో చూసే ఉంటారు. గొలుసుకట్టు చెరువుల శిఖం భూములు (నీరు నిలిచే చెరువు లోపలి నేల), నాలాలు కట్టడాలతో నిండిపోతే నీరు ఇంకే చోటుండదు, అదే వాన ఇంకా ఎక్కువ నీటిని, ఇంకా వేగంగా కిందికి తోస్తుంది. భూ వినియోగం మారితే వరద ఎంత పెరుగుతుందో లెక్క తేల్చాలంటే హైడ్రాలజీ, అంటే వాననీటి రాకపోకల శాస్త్రం, రావాలి. ఆమె సిలబస్‌లోనే ఉంది, దాన్ని పాస్ మార్కుల కోసం చదవొద్దని నా మాటగా చెప్పండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా తప్పనిసరి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ వైపు మారాల్సి వచ్చినా అది ఉపయోగపడుతుంది, మీకూ టెన్షన్ తగ్గుతుంది.

ఈ చదువుకు హైదరాబాద్ మంచి ఊరు. బాలానగర్‌లో ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉంది, రాష్ట్ర రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, పటాన్‌చెరులో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, సైయెంట్ లాంటి ప్రైవేటు కంపెనీలున్నాయి. అయితే ఎన్‌ఆర్‌ఎస్‌సీ శాశ్వత పోస్టుల నోటిఫికేషన్ల మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఇంటర్న్‌షిప్ కోసం మాత్రం వీటన్నిటికీ దరఖాస్తు చేయించండి. ఫీల్డ్‌కు వెళ్లాల్సి వస్తుందని భయపడకండి, ఎక్కువగా బృందంతోనే వెళ్తారు. చేలో నిలబడి మ్యాప్‌ను సరిచూసుకోకుండా ఈ విద్య రాదు.

ఎంటెక్‌కు జేఎన్‌టీయూహెచ్‌లో స్పేషియల్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఉంది. పరిశోధన మీద మనసుంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్, బయటికి పంపగలిగితే డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ), ఐఐటీ బాంబే, ఐఐటీ రూర్కీ. డెహ్రాడూన్ వాళ్లు ఉచిత ఆన్‌లైన్ కోర్సులు కూడా నడుపుతారు, ఆమె ఇప్పుడే ఒకటి చేయొచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2022 నుంచి ఈ రంగానికే జియోమాటిక్స్ ఇంజినీరింగ్ పేరుతో విడిగా పేపర్ పెట్టారు. మూడో సంవత్సరం వాళ్లూ గేట్ రాయొచ్చు కాబట్టి, ర్యాంకు సంగతి పక్కన పెట్టి ఈసారే ఒకసారి రాయించండి.