‘కరెంటు పెట్టే’ గదిలో ఫిజిక్స్ చదివిన బిడ్డకు పనేమిటి?

హనుమకొండ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. ఆయన తండ్రికి గొంతు క్యాన్సర్ రావడంతో నిరుడు హైదరాబాద్‌లో 35 సిట్టింగుల రేడియేషన్ చికిత్స, పల్లెల్లో అనే మాటలో ‘కరెంటు పెట్టించడం’, చేయించారు. ఆ ఏడు వారాల్లో సెలవు దొరికినప్పుడల్లా తాతకు తోడుగా వెళ్లిన ఆయన కూతురు ఇప్పుడు బీఎస్సీ మూడో సంవత్సరంలో ఉంది. ఆమె సబ్జెక్టులు మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. తిరిగి వచ్చినప్పటి నుంచి ఆ స్కానింగ్‌ల మీద, ఆ యంత్రాల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోందట. ‘డాక్టరు చదువు చదవని బిడ్డకు కరెంటు పెట్టే గదిలో పనేముంటుంది సార్? అయినా ఎన్నేండ్లు చదవాలె? ఆ కిరణాల నడుమ ఆడపిల్ల ఆరోగ్యం ఏంగావాలె?’ అని ఆయన అడిగారు.

అయ్యా, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. ఆ గదిలో ఫిజిక్స్ చదివిన వారికి పని ఉండటమే కాదు, వారు లేకుండా ఆ గది తలుపు తెరవడానికే అనుమతి ఉండదు. దేశంలో రేడియేషన్ వాడకాన్ని నియంత్రించే అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు, అంటే అందరూ ఏఈఆర్‌బీ అని పిలిచే సంస్థ, మెడికల్ ఫిజిసిస్టు లేని రేడియేషన్ చికిత్స కేంద్రానికి లైసెన్సు ఇవ్వదు. మీ బాపుకు ఎక్కడ, ఎంత రేడియేషన్ ఇవ్వాలో నిర్ణయించినది రేడియేషన్ ఆంకాలజిస్టు, అంటే రేడియేషన్‌తో క్యాన్సర్‌కు చికిత్స చేసే డాక్టరు. ఆ మోతాదు గడ్డకు చేరేలా, పక్కనున్న వెన్నుపాముకూ లాలాజల గ్రంథులకూ వీలైనంత తక్కువ తగిలేలా కిరణాల కోణాలనూ ఆకారాలనూ లెక్కగట్టి, యంత్రం ఆ లెక్క ప్రకారమే ఇస్తోందో లేదో కొలిచి సంతకం పెట్టినది ఫిజిసిస్టు. రోజూ బల్ల మీద పడుకోబెట్టి చికిత్స ఇచ్చినది టెక్నాలజిస్టు. మీ అమ్మాయి మనసు పడినది ఈ ముగ్గురిలో రెండో వ్యక్తి పని అని నాకు అర్థమైంది.

పరిశోధన అనగానే ఎక్కడో అద్దాల ప్రయోగశాల అనుకుంటాం. ఈ రంగంలో పరిశోధన ప్రశ్నలు చాలావరకు చికిత్స గదిలోనే పుడతాయి. మీ బాపు ముఖానికి వేసిన మాస్కును గుర్తు తెచ్చుకోండి. తెల్లటి ప్లాస్టిక్ రేకును వేడినీళ్ల తొట్టిలో వేస్తే కొద్ది నిమిషాల్లో మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి, నుదురు, ముక్కు, గదవ వంపులకు వేళ్లతో అదిమితే చల్లారి గట్టిపడి ఆ మనిషి అచ్చుగా నిలుస్తుంది. తల కొంచెం కూడా కదలకుండా ఆ మాస్కును బల్లకు బిగించి సీటీ స్కాన్ తీస్తారు, ఆ సీటీ మీదే లెక్కంతా కడతారు. అయితే నోరు పూసి ముద్ద దిగక రోగి బరువు తగ్గుతాడు, మూడో నాలుగో వారానికి మాస్కు వదులవుతుంది. మెడ సన్నబడుతుంది, గడ్డ కరుగుతుంది, చెవి కింద ఉండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి కుంచించుకుపోయి లోపలికి, అంటే ఎక్కువ మోతాదు పడే వైపు జరుగుతుంది. మొత్తం 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) మోతాదు ఇస్తూ వెన్నుపామును సుమారు 45 గ్రేలు దాటకుండా, పరోటిడ్ సగటును 26 గ్రేల లోపు ఉంచాలని మొదటి రోజు కట్టిన లెక్క నాలుగో వారపు శరీరానికి ఎంతవరకు నిజం? మళ్లీ సీటీ తీసి కొత్తగా ప్లాన్ చేయాలా, చేస్తే ఏ రోగికి, ఏ రోజున చేయాలి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అడాప్టివ్ రేడియోథెరపీ అనే శాఖే పెరిగింది. పొగాకు వల్ల నోటి, గొంతు క్యాన్సర్లు ఎక్కువగా కనిపించే మన దేశంలో, బీడీ తాగే, జర్దా నమిలే అలవాటు పాతుకుపోయిన మన జిల్లాల్లో, ఈ ప్రశ్న మీద పనిచేసే మనిషికి రోగుల కొరత ఉండదు. నేను బాధతోనే ఈ మాట రాస్తున్నాను.

ఇమేజింగ్‌కూ, అంటే స్కానింగ్‌కూ, రేడియేషన్ చికిత్సకూ ఉన్న బంధాన్ని మీ అమ్మాయికి ఒక చరిత్ర ద్వారా చెప్పాలి. 1956లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు అక్కడి గ్రూట్ షూర్ ఆసుపత్రిలో వారానికి ఒకటిన్నర రోజు పనిచేయడానికి వెళ్లాడు. రేడియోధార్మిక ఐసోటోపుల వాడకాన్ని ఒక ఫిజిసిస్టు పర్యవేక్షించాలన్న నిబంధన కారణంగా వచ్చిన తాత్కాలిక బాధ్యత అది. అక్కడ రేడియేషన్ చికిత్సకు మోతాదులు లెక్కగట్టేటప్పుడు ఎముక, కండరం, ఊపిరితిత్తి అనే తేడా లేకుండా శరీరమంతా ఒకే పదార్థమన్నట్టు చూడటం ఆయనకు సరిగా తోచలేదు. లోపలి పదార్థం ఎక్కడ ఎంత కిరణాన్ని పీల్చుకుంటుందో బయటి కొలతల నుంచే కనుక్కోగలమా అని ఆలోచించాడు. చెక్క వలయం మధ్య అల్యూమినియం బిళ్ల పెట్టి, కోబాల్ట్-60 గామా కిరణాలతో కొలిచాడు. ఆ కొలతల్లో అల్యూమినియం అంతటా ఒకేలా కనిపించలేదు. ఆరా తీస్తే, ఆ బిళ్ల నడుమ వేరే రకం అల్యూమినియం ఉందని వర్క్‌షాప్ వాళ్లు చెప్పారు. తనకే తెలియని సంగతిని తన పద్ధతి బయటపెట్టింది. 1963, 1964లలో ప్రచురించిన ఆ పరిశోధన వ్యాసాలను అప్పట్లో పట్టించుకున్నవారు దాదాపు లేరు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు ఇంగ్లండ్‌లో విడిగా పనిచేసి తయారుచేసిన సీటీ యంత్రంతో 1971లో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. 1979లో ఇద్దరికీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ వైద్యులు కారు.

ఈ కథ వల్లనే నేను ప్రతి విద్యార్థికీ ఒకే మాట చెబుతున్నాను: ముందు ఆసుపత్రిలో పనిచేయగల అర్హత సంపాదించాలి, ఆ తర్వాత పీహెచ్‌డీ చేయాలి. నేరుగా పీహెచ్‌డీలోకి దూకిన తెలివైన పిల్లలను చూశాను. వారి ప్రోగ్రాములు చక్కగా నడుస్తాయి. కానీ మాస్కు ఎందుకు వదులవుతుందో చూడకపోవడం వల్ల ఏ ప్రశ్నకు జవాబు అవసరమో వారికి తెలియడానికి మరికొన్ని ఏళ్లు పడుతుంది.

ఆ అర్హతకు రెండు దారులున్నాయి. ఒకటి, మామూలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ఆ పైన రేడియలాజికల్ ఫిజిక్స్‌లో ఏడాది డిప్లొమా చేయడం. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం 1962 నుంచి నడుపుతున్న డిప్లొమా వీటిలో పేరున్నది. ఎమ్మెస్సీకి మీ దగ్గరే కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐఐటీలు నిర్వహించే జామ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే వరంగల్ ఎన్‌ఐటీకి కూడా ప్రయత్నించవచ్చు. రెండో దారి నేరుగా రెండేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం, వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వంటి చోట్ల ఈ కోర్సు ఉంది. ఏ దారిలో వెళ్లినా చివర అన్ని వసతులూ ఉన్న రేడియేషన్ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. నన్ను ఎంచుకోమంటే మీ అమ్మాయికి మొదటి దారే చెబుతాను. ఏడాది ఎక్కువ పట్టినా క్వాంటమ్ మెకానిక్స్, న్యూక్లియర్ ఫిజిక్స్, గణితం గట్టిపడతాయి, పరిశోధనకు అవే ఆధారం. పైగా ఎమ్మెస్సీ చదివే రెండేళ్లలో ఆమె మనసు మారినా మిగతా తలుపులు తెరిచే ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. కొన్నేళ్ల క్రితం జగిత్యాల వైపు నుంచి ఒక అబ్బాయి సర్టిఫికెట్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పేరులో మెడికల్ ఫిజిక్స్ ఉన్న కోర్సును ఒక ప్రైవేటు కాలేజీలో అప్పు చేసి పూర్తిచేశాడు. దానికి ఏఈఆర్‌బీ గుర్తింపు లేదని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు గాని తెలియలేదు. అతని రెండేళ్లు తిరిగి తేవడం నా వల్ల కాలేదు. అందుకే ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకు ఏఈఆర్‌బీ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చూడండి, కాలేజీ వారి మాట మీద ఆగకండి. బీఎస్సీ రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సులు టెక్నాలజిస్టులను తయారు చేసేవి. అవి మంచి కోర్సులే గాని, మీ అమ్మాయి కోరుకున్న పని వాటితో రాదు.

ఏళ్ల లెక్క చెబుతాను. మొదటి దారిలో ఎమ్మెస్సీ రెండు, డిప్లొమా ఒకటి, ఇంటర్న్‌షిప్ ఒకటి, మొత్తం నాలుగేళ్లు. అంటే పాతిక దాటకముందే ఆమె చేతిలో ఉద్యోగానికి తగిన అర్హత ఉంటుంది. పీహెచ్‌డీ ఆ పైన నాలుగైదేళ్లు. కానీ అది మీరు ఖర్చు పెట్టి చదివించే కాలం కాదు. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధిస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూనే అక్కడి సమస్య మీద పీహెచ్‌డీ చేసేవారూ ఉన్నారు, అది కష్టమైనా మంచి పద్ధతి. విదేశం వెళ్లాలనుకుంటే ఇటలీలోని ట్రియెస్టేలో అబ్దుస్ సలాం అంతర్జాతీయ కేంద్రం 2014 నుంచి ప్రధానంగా అభివృద్ధి చెందుతున్న దేశాల వారి కోసం మెడికల్ ఫిజిక్స్ మాస్టర్స్ నడుపుతోంది. ఆమెకు కంప్యూటర్ల మీదే ఎక్కువ ఆసక్తి ఉంటే సంగారెడ్డి దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది, ఆ దారికి ఏఈఆర్‌బీ అర్హత అక్కరలేదు. అయితే అప్పుడు రోగి చికిత్స మీద సంతకం పెట్టే అధికారం ఉండదు.

ఇక కిరణాల సంగతి. మీ భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. చికిత్స జరుగుతున్నప్పుడు రోగి తప్ప ఆ గదిలో మరెవరూ ఉండరు. గోడలు మీటరుకు మించిన కాంక్రీటు, తలుపు తెరుచుకుంటే కిరణం దానంతటదే ఆగిపోతుంది. కరెంటుతో కిరణాలను పుట్టించే లీనాక్ యంత్రం ఆపితే, స్విచ్చి తీసిన బల్బు వెలుగులాగే ఎక్స్-రే కిరణమూ ఆగిపోతుంది. కోబాల్ట్ యంత్రంలో మాత్రం మూలం ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని మందపాటి కవచంలో దాచి ఉంచుతారు. ఉద్యోగులు ఛాతీ మీద, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు, మూడు నెలలకొకసారి దాన్ని పంపి చదివిస్తారు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు అనేది మన దేశంలో నియమం. లీనాక్ దగ్గర పనిచేసేవారి బ్యాడ్జీలు మామూలుగా దీనికి చాలా దిగువనే ఉంటాయి. గర్భం దాల్చిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేస్తే అక్కడి నుంచి బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా పనిని మార్చే బాధ్యత ఆసుపత్రిదే. పెళ్లి గురించి మీరు పైకి అడగకపోయినా ఉత్తరంలో ఆ దిగులు కనిపించింది, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇప్పుడు ఆమె చేయవలసింది కొంచెమే. లీనియర్ ఆల్జీబ్రా, ఫూరియర్ విశ్లేషణ, సంభావ్యత మళ్లీ గట్టిగా చదవాలి, పైథాన్ నేర్చుకోవాలి. స్కాన్ చిత్రాలను తెరిచి చూసే ‘3డీ స్లైసర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పేర్లు తొలగించిన రోగుల స్కాన్లు ‘క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్’లో ఉచితంగా దొరుకుతాయి. ఒక మెడ సీటీని తెరిచి కర్సర్ కదిపితే ప్రతి చుక్క కిందా ఒక సంఖ్య కనిపిస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, ఎముకకు వందల్లో. ఆ సంఖ్యలను హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే పిలుస్తారు, మోతాదు లెక్క మొదలయ్యేది వాటి నుంచే. ఒక్క పరోటిడ్ గ్రంథి హద్దును తన చేతితో పొర పొరకూ గీసి చూస్తే, ఈ పని తనకు నచ్చుతుందో లేదో నెల రోజుల్లో ఆమెకే తెలుస్తుంది.

వచ్చే నెలలో మీ బాపును మళ్లీ చూపించడానికి హైదరాబాద్ తీసుకెళ్తున్నామని రాశారు. కాజీపేటలో రైలెక్కేటప్పుడు మీ అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. ముందే వాళ్ల కాలేజీ ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒక లేఖ రాయించుకుని, ఆ విభాగం ఫిజిసిస్టును ఒక అరగంట కలిసే అనుమతి అడగండి. మధ్యాహ్నం రోగుల రద్దీ తగ్గాక అయితే వారికీ వీలుగా ఉంటుంది. ‘మా తాత మాస్కు నాలుగో వారంలో వదులైనప్పుడు మీరేం చేశారు సార్?’ అన్న ప్రశ్నను ఆమెనే అడగనివ్వండి.