జనగామ ఊళ్లకు వెళ్లే ముందు

బిడ్డా,

తెలంగాణ సాయుధ పోరాటం చూసినవాళ్ల మాటలు రికార్డు చేయబోతున్నావు కదా, ముందు వయసు లెక్క వేసుకో. అప్పుడు పదేళ్ల పిల్లలే ఇప్పుడు నీకు దొరికేది, వాళ్లకు తొంభై దగ్గర. దళం నిర్ణయాలు వాళ్లనడిగితే తర్వాతి సభల్లో విన్న ఉపన్యాసమే అప్పజెబుతారు. గింజలు ఎక్కడ దాచారు, రాత్రి కుక్క మొరిగితే అమ్మ ఏం చేసేది, అవి అడుగు.

"ఏ సంవత్సరం?" అనకు. "కడవెండిలో కొమరయ్యను కాల్చినంకనా, ముందా?" అను. దొర మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది 1946 జూలై 4న. నిజాంను లొంగదీసిన భారత సైన్యం దాడి, అదే పోలీసు యాక్షన్, ముగిసింది 1948 సెప్టెంబర్ 17న. ఆ ఏడు వినాయక చవితి అయిపోయింది, బతుకమ్మ ఇంకా రాలేదు. పండుగ చెబితే నెల దొరుకుతుంది. నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం చెబితే 590 కలుపు. అక్టోబర్‌లో మారేది కాబట్టి జనవరి తర్వాతి సంగతైతే 591 కలపాలి. రూపాయలంటే నిజాం హాలీయా, ఇంగ్లీషోళ్ల కల్దారా అని అడుగు: ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం.

ఒకామె "రజాకార్లొచ్చి కోళ్లు పట్టుకపోయిండ్రు" అంటుంది. "అప్పుడు నువ్వెక్కడున్నవవ్వా? చూసినవా, ఇన్నవా?" అని నెమ్మదిగా అడుగు. గాదె చాటున ఉన్నా అంటే ఏం కనిపించిందో కూడా అడుగు. తీరా లెక్క చూస్తే అది 1949, వచ్చింది యూనియన్ మిలిటరీ, అంటే భారత సైన్యం, కావచ్చు. రాతలో ఆ మాట దిద్దకు, పక్కన నీ గమనిక పెట్టు. ఆ ఇంటికి ఇద్దరూ ఒకటే ఎందుకయ్యారన్నది కూడా నీకు కావలసిన చరిత్రే. "అచ్చిండ్రు"ను "వచ్చారు" చేయడమూ అంతే తప్పు.

ఒకే ఇంట్లో ముగ్గురు ఒకే మాట చెబితే అది ఒక సాక్ష్యమే. వేరే వాడకు వెళ్లు. దొర దగ్గర పనిచేసినవాళ్లనూ వదలకు. భూమి సంగతైతే 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డుతో పోల్చు, కానీ వెట్టి ఏ పహాణీలోనూ ఉండదు.

ఫ్యాను ఆపించు, మైకు గడ్డం కింద జానెడు దూరంలో పెట్టు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఫైలు, స్టీరియో అయితే గంటకు ఒక జీబీ. గంటన్నరకు మించి కూర్చోబెట్టకు. గంట మాట రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, ఆ రాత్రే మొదలుపెట్టు. అనుమతి మాట టేపులోనే ఉండాలి. కాపీ ఒకటి ఆ ఇంటివాళ్లకు ఇవ్వు, మనవడి ఫోన్‌లో తెరుచుకునే ఎంపీ3గా.