అమెరికా, కెనడాల్లో లాగా మన దేశంలో కూడా గంజాయిని చట్టబద్ధం చేస్తే తప్పేంటి?

నేను ఉత్తరాంధ్రలో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ని. నా బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో గంజాయి కేసులే ఎక్కువ, కాబట్టి నా జవాబూ అటువైపు నుంచే ఉంటుంది. అమ్మకాలకు లైసెన్సులివ్వడం నాకిష్టం లేదు. అలాగని 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని (మాదకద్రవ్యాల కేసులన్నీ దీని కిందే పెడతారు) ఇప్పుడున్నట్టే ఉంచడమూ అన్యాయమే అంటాను.

అసలు మన చట్టం మొక్క మొత్తాన్ని నిషేధించలేదు. దాని లెక్కలో గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. చరస్ అంటే దాని బంక. ఆకులు, గింజలు విడిగా ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. కాశీ వెళ్లినవాళ్లకు సర్కారు లైసెన్సుతో నడిచే భంగు కొట్లు కనిపించేది అందుకే. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్‌లో గంజాయిని అతి ప్రమాదకరమైన వాటి జాబితాలోంచి తీసేయాలా అని ఓటింగు పెడితే, తీసేయమనే మనవాళ్లు ఓటేశారు. 27-25తో నెగ్గింది కూడా. ఇక్కడ చట్టంలో మాత్రం గంజాయి విషయంలో కామా కూడా కదల్లేదు.

నా గొడవంతా బరువు దగ్గరే. కిలో వరకు చిన్న మొత్తం: ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కమర్షియల్: తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై, లక్షకు తగ్గని జరిమానా. జడ్జిగారికి ఎంత జాలేసినా ఆ పదేళ్లలో ఒక్క రోజు తగ్గించలేరు. దానికి తోడు సెక్షన్ 37. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని కోర్టు నమ్మితేనే బెయిలు. సాక్షుల విచారణ మొదలు కాకముందే ఇవన్నీ ఎలా చూపించాలో నన్నడక్కండి.

ఒక కేసు చెప్తాను. ఏజెన్సీ కుర్రాడు, బస్టాండులో రెండు బ్యాగులతో దొరికాడు. బ్రౌన్ టేపు చుట్టిన పది ప్యాకెట్లు. మధ్యవర్తుల నివేదికలో, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామాలో, 21 కిలోల 400 గ్రాములని రాశారు. టేపు, కవర్లతో కలిపి తూచారా, విప్పి తూచారా అన్నది ఆ కాగితంలో లేదు. సరుకేమో "ఆకులు, కాడలు, గింజలు, పూతతో కూడినది" అట. మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వోగారిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే అడిగాను. "గుర్తు లేదండి" అన్నారు. ఆ టేపూ కాడలూ కలిసి కిలోన్నర తూగితే కేసు కమర్షియల్ కిందికి రాదు, సెక్షన్ 37 అడ్డూ ఉండదు. తూగకపోతే కనీసం పదేళ్లు. కుర్రాడికి ట్రిప్పుకి ముట్టేది కొన్ని వేలు. సరుకు యజమాని చార్జిషీటులో ఎ-2 (రెండో ముద్దాయి), ఇంటిపేరు లేని ఒక పేరు, పక్కన "పరారీ" అని. అంతే.

2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. మంచిదే. కానీ ఇప్పుడు నాకొచ్చే కేసుల్లో సరుకు ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి దిగుతోంది. మోసేవాళ్లు మాత్రం ఆ కొండల పిల్లలే.

మరి లైసెన్సులిచ్చేస్తే? మద్యానికి లైసెన్సులున్న మన దగ్గరే ఊరూరా బెల్టు షాపులున్నాయి, గంజాయికి ఉండవని నేను నమ్మను. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తీసి, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని వెనక్కి తగ్గింది. నాకు కాస్త నచ్చింది జర్మనీ పద్ధతి. 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు 25 గ్రాముల వరకు దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అంగట్లో అమ్మకం లేదు.

మన దగ్గర అంత దూరం కూడా పోనక్కర్లేదు. గంజాయి తాగినవాణ్ని జైలు నుంచి తప్పించి, పదేళ్ల కనీస శిక్ష విషయంలో మోసినవాడికీ సొంతదారుకీ తేడా చూసే అధికారం జడ్జికి ఇస్తే చాలు. మత్తుమందుకు బానిసైనవాడు తానై చికిత్సకు ముందుకొస్తే, వాడిన కేసైనా, చిన్న మొత్తం దొరికిన కేసైనా ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 64ఎ ఇప్పటికే ఉంది. మీ పిల్లాడు అలా దొరికితే లాయర్‌తో ముందు ఆ మాట ఎత్తండి, స్టేషన్‌లో ఎవరూ చెప్పరు.

ప్రశ్నలో అమెరికా అన్నారు కాబట్టి అక్కడ చదువుకునే మనవాళ్లకో మాట. కాలిఫోర్నియాలో బిల్లు తీసుకుని కొన్నా ఫెడరల్ చట్టం కింద అది ఇప్పటికీ నేరమే, వీసా విషయాలు చూసేది ఆ చట్టమే. కేసు లేకపోయినా, వాడానని ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ముందు ఒప్పుకున్నా చిక్కే. ఫోన్లో ఫోటోలు కూడా ఉంచుకోకండి.