ఆర్లాండో పార్కుల్లో భోజనం: ముందు గాలి చూడండి, తర్వాత మెనూ

ప్రశ్న (2021 డిసెంబరు): మేము షార్లెట్‌ వచ్చి ఏడాది కావస్తోంది. డిసెంబరు మూడో వారంలో అత్తయ్యగారు, మామయ్యగారు మల్కాజిగిరి నుంచి మొదటిసారి అమెరికా వస్తున్నారు. ఇద్దరికీ కోవిడ్ టీకా రెండు డోసులూ అయ్యాయి. మామయ్యగారికి షుగర్, బీపీ ఉన్నాయి. మా పాపకు నాలుగేళ్లు. క్రిస్మస్ సెలవుల్లో ఆర్లాండోలో డిస్నీ వరల్డ్ చూపిద్దామని టికెట్లు కొన్నాం. ఇప్పుడు కోవిడ్ కొత్త రకం ఒమిక్రాన్ వార్తలు వింటుంటే టెన్షన్‌గా ఉంది. రైడ్స్ సంగతి సరే, మూడు పూటలా బయటే తినాలి కదా. ఎక్కడ తింటే నయం?

జవాబు: మీకు అనుమానం రావాల్సిన చోటే వచ్చింది. డిస్నీ వరల్డ్‌లో 2021 డిసెంబరు నాటికి రెండేళ్లు, ఆపైన వయసున్న ప్రతి ఒక్కరూ లోపలి ప్రదేశాల్లో మాస్క్ పెట్టుకోవాల్సి ఉండేది. 2021 జులై 30 నుంచి టీకా వేసుకున్నవాళ్లకీ ఇదే నియమం ఉండేది. రైడ్ అంటే ఆ మాస్క్‌తోనే కొద్ది నిమిషాలు. మాస్క్ పూర్తిగా తీసేది తినేటప్పుడే. అదీ ముప్పావు గంటో గంటో ఒకేచోట కూర్చుని, చుట్టుపక్కల మాస్క్ లేని వాళ్ల మధ్య, ఆ సందడిలో అందరూ గొంతు పెంచి మాట్లాడుతుండగా. పొద్దుటి నుంచి పడ్డ జాగ్రత్త అంతా ఆ గంటలో పోవచ్చు. అందుకని ఏ రైడ్ ముందు, ఏది తర్వాత అన్నది ఆలోచించే ముందు, ఏ పూట ఎక్కడ తింటామో తేల్చుకోండి.

తిండి వల్ల కోవిడ్ వస్తుందన్న భయం వద్దు. ప్యాకెట్లు తుడవడం, పళ్లేలు వేడినీళ్లతో కడగడం మీద పెట్టే శ్రద్ధ గాలి మీద పెట్టండి. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్‌లో మూడు కుటుంబాలు పక్కపక్క టేబుళ్ల దగ్గర మధ్యాహ్న భోజనం చేశాయి. ఆ అంతస్తులో కిటికీలు లేవు, ఏసీ నడుస్తోంది. ఒక టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి అప్పటికే వైరస్ ఉంది. చివరికి ఆ మూడు కుటుంబాల్లో పది మందికి వచ్చింది. ఏసీ గాలి ఆ మూడు టేబుళ్ల మధ్యే తిరుగుతోంది. అదే అంతస్తులో తిన్న మిగతావాళ్లకు గానీ, వడ్డించినవాళ్లకు గానీ రాలేదు. మన తార్నాక సీసీఎంబీ (జీవ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా కోవిడ్ వార్డుల గాలిలో వైరస్ దొరికిందని 2021 మొదట్లో చెప్పారు. ఎండుమిరపకాయల పోపు వేస్తే తలుపులు మూసిన ఇంట్లో అందరూ దగ్గుతారు, పెరట్లో వేస్తే పక్కన నిలబడ్డవాళ్లకు కూడా అంత ఘాటు తగలదు. గాలిలో వైరస్ సంగతీ అంతే.

ఈ జవాబు హైదరాబాద్ నుంచే రాస్తున్నాను. చలికాలం అమ్మ దగ్గర ఉందామని వచ్చాను. ఇక్కడ చూస్తుంటే మనవాళ్లకు ఆర్లాండోలో ఎదురయ్యే అసలు ఇబ్బంది ఏమిటో బాగా అర్థమవుతోంది. మన దగ్గర ఏసీ హాలంటే మర్యాద. ఇంటికొచ్చిన పెద్దవాళ్లను హోటల్‌కి తీసుకెళ్తే నేరుగా ఏసీ సెక్షన్‌లోకి తీసుకెళ్తాం. అక్కడ బిల్లు కాస్త ఎక్కువే అయినా, ఫ్యాన్ల కింద కూర్చోబెడితే మనకే చిన్నతనంగా ఉంటుంది. ఇరానీ కేఫ్‌లో తలుపులు బార్లా తెరిచి, రోడ్డు గాలి తగిలేలా వేసిన బల్లలు స్నేహితులతో చాయ్ తాగడానికే అనుకుంటాం. ఈ రోజుల్లో ఆ లెక్క తలకిందులు కావాలి. తలుపులు తెరిచిన కేఫే నయం. నెక్లెస్ రోడ్డులో ఈట్ స్ట్రీట్ లాంటి, సాగర్ గాలి తగిలే చోటు ఇంకా నయం.

మీ అత్తయ్యగారికి ఇది ముందే చెప్పండి. అంత దూరం నుంచి వచ్చాక, అన్ని డాలర్లు పెట్టిన పార్కులో కోడలు తమను బయట బెంచీ మీద కూర్చోబెట్టి కాగితం గిన్నెలో అన్నం పెట్టిందంటే, కారణం తెలియకపోతే వాళ్ల మనసు నొచ్చుకోవడం సహజం. మీ వారి చేత కూడా ఫోన్‌లో ఒక మాట చెప్పించండి. ‘మామయ్యగారి ఆరోగ్యం కోసమే ఈసారి బయట గాలిలోనే తిందాం అనుకుంటున్నాం, మీకు ఇబ్బంది లేదు కదా’ అని అడిగితే చాలు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం పరుగులు పెట్టడం కళ్లారా చూసినవాళ్లకు అంతకన్నా వివరించక్కర్లేదు.

వాళ్లు విమానం ఎక్కకముందే ఒక జాగ్రత్త ఉంది. 2021 డిసెంబరు 6 నుంచి నియమం మారింది. టీకా వేసుకున్నవాళ్లయినా సరే, అమెరికా వెళ్లే విమానం బయల్దేరే ముందు ఒక రోజు లోపు చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ రావాలన్నది అప్పటి నియమం. ఇక్కడేమో పెళ్లిళ్ల సీజన్. ‘అమెరికా వెళ్తున్నారు కదా, ఒక్కసారి భోజనానికి రండి’ అని చుట్టాలు పిలుస్తారు. ఫంక్షన్ హాల్లో వెయ్యి మందితో పంక్తి భోజనం చేసి వారం తిరక్కుండా శంషాబాద్‌లో విమానం ఎక్కడమంటే చాలా రిస్క్. చివరి పది రోజులు ఆ పిలుపులన్నిటికీ నమస్కారం పెట్టమనండి. ఇక విమానంలో, పక్క సీటువాళ్లు తినడం ముగించి మాస్క్ పెట్టుకున్నాక మీవాళ్లు తింటే మేలు. మామయ్యగారి మందుల వేళ దాటకూడదు కాబట్టి నాలుగు బిస్కెట్లు చేతిసంచిలో ఉంచుకోమనండి.

ఇప్పుడు ఆర్లాండో. మొదట ఒక మంచి సంగతి. డిసెంబరులో అక్కడ పగలు మన హైదరాబాద్ చలికాలంలా హాయిగా ఉంటుంది. జులైలో అయితే ఎండ మాడ్చేస్తుంది, మధ్యాహ్నం ఉరుములు మెరుపులతో వాన పడుతుంది, జనమంతా లోపలికే పరుగెడతారు. ఆరుబయట తినాలనుకునేవాళ్లకు డిసెంబరు కన్నా మంచి కాలం లేదు. చెడ్డ సంగతి ఏమిటంటే, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారం ఏడాదిలోకెల్లా రద్దీ. అందులోనూ 2021 అక్టోబరుతో డిస్నీ వరల్డ్‌కు 50 ఏళ్లు నిండాయి.

నాలుగు పార్కుల్లో ఆరుబయట తినడానికి నాకు బాగా నచ్చేది యానిమల్ కింగ్‌డమ్. అక్కడ ఫ్లేమ్ ట్రీ బార్బెక్యూ అని ఉంది. నీటి ఒడ్డుకు దిగుతూ పోయే మెట్ల వెంట, పైకప్పు మాత్రమే ఉండి గోడల్లేని మండపాలు కట్టారు. కిందికి వెళ్లే కొద్దీ జనం పలచబడతారు. అయితే అది మాంసం ప్రధానంగా ఉండే చోటు. శాకాహారులకు అదే పార్కులో పండోరా (అవతార్ సినిమా లోకంలా కట్టిన భాగం) దగ్గర సాటులి క్యాంటీన్ మేలు. అన్నం మీద టోఫు (సోయా పనీర్) వేసిన గిన్నె దొరుకుతుంది. మన వంటంత కారం ఉండదు, చిన్న డబ్బాలో పొడి తీసుకెళ్తే సరి. దానికి లోపల హాలు, బయట బల్లలు రెండూ ఉన్నాయి. బయటివే చూసుకోండి.

ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలు ఉంటాయి. మెక్సికో దగ్గర రెండు హోటళ్లు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి పిరమిడ్ లోపల ఉన్న శాన్ ఏంజెల్ ఇన్. ఎప్పుడూ రాత్రిలా చీకటి, దీపాలు, ఎంతో అందంగా ఉంటుంది. రెండోది సరస్సు ఒడ్డున తెరిచి ఉన్న లా కాంటినా డి శాన్ ఏంజెల్. ఫొటోలు చూసి అందరూ మొదటిదే బుక్ చేస్తారు. పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు నేను రెండోదే అంటాను. మొదటిదాన్ని పాపకు దూరం నుంచి చూపించి రావచ్చు, అక్కడ కూర్చుని తినక్కర్లేదు.

హాలీవుడ్ స్టూడియోస్‌లో వుడీస్ లంచ్ బాక్స్ పూర్తిగా ఆరుబయటే. చీజ్ శాండ్‌విచ్, టమాటా సూప్ దొరుకుతాయి, పాపకు బాగా నచ్చుతుంది. బల్లలు తక్కువ, పన్నెండు దాటితే చోటు దొరకదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే కాస్త కష్టం. కాస్మిక్ రేస్ లాంటి పెద్ద పెద్ద హాళ్లే ఎక్కువ, అవి నిండిపోతాయి. ఆ రోజుకు ఇంటి డబ్బా తీసుకెళ్లడం ఉత్తమం. కోటలో సిండరెల్లా రాయల్ టేబుల్‌లో భోజనం ఖర్చు ఎలాగూ గుండె గుభేల్‌మనిపిస్తుంది. లోపలి గది కూడా కాబట్టి ఈసారికి వదిలేయండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే చోట నాన్‌లు, రకరకాల చట్నీలు పెడతారని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. రుచి నిజమే, కానీ అదీ లోపలిదే. పాపకు టీకా వచ్చాక మళ్లీ వెళ్దురుగాని. 2021 డిసెంబరు నాటికి అయిదేళ్ల లోపు పిల్లలకు ఇంకా టీకా రాలేదు కదా.

‘అవుట్‌డోర్’ అని బోర్డు ఉన్నంత మాత్రాన నమ్మకండి. చలికని నాలుగువైపులా ప్లాస్టిక్ తెరలు దించి, మధ్యలో హీటర్ పెట్టిన టెంటు గదితో సమానం. కనీసం రెండు వైపులా గాలి ఆడుతోందా, పక్క టేబుల్ ఆరడుగుల దూరంలో ఉందా, ఈ రెండూ చూసుకుని కూర్చోండి. ఆర్లాండో ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం 2020 సెప్టెంబరు 25 నుంచే రెస్టారెంట్ల మీద పరిమితులు ఎత్తేసింది. పార్కు గేటు దాటి బయట ఎక్కడైనా తింటే, దూరం చూసుకోవాల్సింది మీరే.

డిస్నీలో మొబైల్ ఆర్డర్ చాలా ఉపయోగం. మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో పొద్దున్నే వేళ ఎంచుకుని ఆర్డర్ పెట్టేయొచ్చు. స్విగ్గీ వాడినవాళ్లకు కొత్తేమీ కాదు. హోటల్ దగ్గరికి వెళ్లాక ‘వచ్చాను’ అని నొక్కితే వండటం మొదలుపెడతారు, తయారయ్యాక ఏ కిటికీ దగ్గరికి రావాలో చెబుతారు. మీవారు ఒక్కరు మాస్క్‌తో లోపలికి వెళ్లి తెస్తారు, మిగతావాళ్లు బయట చోటు పట్టుకుని కూర్చుంటారు. వేళ మాత్రం జనం తినే వేళ కాకూడదు. పొద్దున పదిన్నర, పదకొండు మధ్య, సాయంత్రం నాలుగున్నరకి తినేయండి. ఇంకా పదిన్నర గంటల తేడాకి అలవాటు పడని పెద్దవాళ్లకు ఈ వేళలు పెద్ద ఇబ్బంది అనిపించవు. షుగర్ ఉన్న మనిషిని భోజనం కోసం గంటసేపు నిలబెట్టే బాధా తప్పుతుంది.

బుఫేలో భయం అందరూ ముట్టుకున్న గరిటె గురించి కాదు, చేతులు కడుక్కుంటే అది తీరుతుంది. వరుసలో భుజం భుజం తగిలేలా నిలబడటం, లోపల రెండేసి గంటలు గడపడం, ఇవి అసలు సమస్య. పెట్టిన డబ్బుకు కడుపునిండా తినాలని మనం అక్కడ ఎక్కువసేపే కూర్చుంటాం కూడా.

ఇంటి భోజనం గురించి కొత్తగా వచ్చినవాళ్లు చాలామందికి తెలియనిది ఒకటుంది. డిస్నీ పార్కుల్లోకి బయటి ఆహారం తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు కుదరవు. ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవచ్చు. తాగేందుకు చల్లటి నీళ్లు క్విక్ సర్వీస్ కౌంటర్ల దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు. ఆర్లాండోలోనే ఉన్న మరో పార్కు యూనివర్సల్‌లో అంత వెసులుబాటు లేదు. చిన్న స్నాక్స్, పసిపిల్లల ఆహారం, ఆరోగ్య అవసరానికి కావాల్సినవి తప్ప పూర్తి భోజనం తేనివ్వరు. కాబట్టి డిస్నీకి దగ్గర్లో ఉన్న కిసిమీ వైపు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. పొద్దున్నే అత్తయ్యగారి చేతి పులిహోర, చపాతీలు, వేయించిన వేరుసెనగలు డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం సమస్య తీరినట్టే. ఆవిడకీ ఆ వంటింట్లో సొంతిల్లులా అనిపిస్తుంది. పులిహోర, పెరుగన్నం మాత్రం ఐస్ ప్యాక్ లేకుండా తీసుకెళ్లొద్దు. త్వరగా పాడయ్యే వండిన పదార్థం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది.

షార్లెట్ నుంచి కారులో దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. దారిలో బర్గర్ షాపుల్లో కూర్చోకుండా ఐ-95 హైవే పక్కన రెస్ట్ ఏరియాల్లో ఆగండి. చెట్ల కింద బల్లలుంటాయి, కాలకృత్యాలకీ వీలుంటుంది. అక్కడ డబ్బా విప్పుకుంటే మామయ్యగారికి కూడా కాళ్లు చాపుకున్నట్టుంటుంది.

వాన వచ్చిందనుకోండి, లేదా బయట బల్ల ఒక్కటీ దొరకలేదనుకోండి. అప్పుడు పంతం వద్దు. ఆర్డర్ పొట్లాలుగా తీసుకుని కారులో కూర్చుని తినండి, లేదా ఆ పూటకు ఇంటికే వచ్చేయండి. తప్పనిసరై లోపల కూర్చుంటే తలుపు దగ్గర, ఏసీ గాలి నేరుగా ముఖానికి కొట్టని మూల చూసుకుని, తినడం అయిన వెంటనే మాస్క్ పెట్టుకుని లేచేయండి. కబుర్లు బయటికొచ్చి చెప్పుకోవచ్చు.

బయల్దేరే ముందే ఫార్మసీలో ఇంటి పరీక్ష కిట్లు కొని ఉంచుకోండి. సెలవుల్లో అవి దొరకడం కష్టమవుతుంది. పెద్దవాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్‌లో కోవిడ్ ఉందో లేదో, ముందునుంచీ ఉన్న షుగర్, బీపీలకు ఏం వర్తిస్తుందో ఆ కాగితం తీసి చదవండి, అర్థం కాకపోతే కంపెనీకి ఫోన్ చేసి అడగండి. అక్కడ ఉండగా ఎవరికైనా గొంతు నొప్పి, జ్వరం అనిపిస్తే ఆ రోజు పార్కు మానేసి ముందు పరీక్ష చేసుకోండి. నెగెటివ్ వచ్చినా లక్షణాలు ఉంటే మర్నాడు మళ్లీ చేయండి. ఆ రెండు రోజులూ పాప తాతగారి దగ్గర కాకుండా మీ గదిలోనే పడుకోవాలి.