వెయ్యి లైన్ల ఫైలును ఎలా విడగొట్టాలి?

ప్రశ్న: మా హాస్టల్ మెస్ లెక్కల కోసం పైథాన్‌లో రాసుకున్న ప్రోగ్రామ్ ఒకే ఫైలులో వెయ్యి లైన్లు దాటింది. దాన్ని ‘మోడల్స్’, ‘ఫంక్షన్స్’, ‘యుటిల్స్’ అని మూడు ఫైళ్లు చేస్తే ఇంపోర్ట్ ఎర్రర్ వస్తోంది. ఏం చేయాలి?
- ఒక విద్యార్థి, అమీర్‌పేట, హైదరాబాద్

జవాబు: చిక్కంతా విడగొట్టిన పద్ధతిలోనే ఉంది. ‘ఫంక్షన్స్’, ‘యుటిల్స్’ వంటి పేర్లు లోపల ఏ రకం కోడ్ ఉందో చెబుతాయే గానీ అది ఏ పని చేస్తుందో చెప్పవు; అందువల్ల బిల్లు లెక్కలో చిన్న మార్పుకైనా మూడు ఫైళ్లూ తెరవాల్సి వస్తుంది, అవి ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకోవడమూ (అంటే ఒక ఫైలు మరో ఫైలులోని కోడ్‌ను తెచ్చుకోవడమూ) మొదలవుతుంది. ఎర్రర్‌లో ‘పార్షియల్లీ ఇనీషియలైజ్డ్ మాడ్యూల్’ (సగమే సిద్ధమైన మాడ్యూల్, అంటే కోడ్ ఫైలు) అని ఉంటే, మొదటి ఫైలు సగం నడిచేసరికే రెండోది అందులో ఇంకా తయారుకాని ఫంక్షన్‌ను అడుగుతోందన్నమాట. ఇంపోర్ట్ లైన్‌ను ఫంక్షన్ లోపలికి జరపమని కొందరు సలహా ఇస్తారు. ఎర్రర్ పోవచ్చు, చిక్కు పోదు.

ప్రోగ్రామ్ నడిచే క్రమాన్ని బట్టి కాక, మున్ముందు మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయం ఒక్కో మాడ్యూల్‌లో దాగి ఉండేలా విభజించాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లోనే ఒక పరిశోధన వ్యాసంలో వాదించారు. మీ లెక్కలు ఇప్పుడు సీఎస్‌వీ (విలువలను కామాలతో వేరుచేసే టెక్స్ట్) ఫైలులో ఉన్నాయనుకుంటే, రేపు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌కు మారవచ్చు కనుక చదివే, రాసే కోడంతా ‘స్టోరేజ్’లో ఉండాలి. ఊరెళ్లినవారికి ఎన్ని రోజులు తగ్గించాలి, అతిథి భోజనానికి ఎంత వేయాలి అన్నవి ‘బిల్లింగ్’లోకి వెళ్లాలి. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ‘మెయిన్’ ఫైలు ఈ రెండింటినీ ఇంపోర్ట్ చేసుకోవచ్చు గానీ, అవి మెయిన్‌ను ఎన్నడూ ఇంపోర్ట్ చేసుకోరాదు. స్టోరేజ్ చదివిన జాబితాను మెయిన్ అందిస్తుంది కాబట్టి బిల్లింగ్‌కు ఫైళ్ల ఊసే అక్కర్లేదు. సంక్రాంతి సెలవుల లెక్క సరిగ్గా వస్తోందో లేదో నాలుగు పేర్ల జాబితా చేత్తో రాసి పరీక్షించుకోవచ్చు.

మూడు నాలుగు ఫైళ్లకు ఫోల్డర్ల హంగామా అనవసరం. టెస్టులకొకటి, డేటాకొకటి చాలు.

ఇంత చేశాక కూడా అదే ఎర్రర్ వస్తే ఫైళ్ల పేర్లు చూడండి. మీ ఫైలుకు ‘సీఎస్‌వీ’ అనే పేరు పెట్టి ఉంటే, పైథాన్ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే ముందుగా వెతుకుతుంది కనుక, పైథాన్‌తోపాటు వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌కు బదులు మీ ఫైలే దొరుకుతుంది. పేరు మార్చి మళ్లీ నడపండి.