క్రోనో ట్రిగ్గర్ ఇప్పుడు ఆడొచ్చా?

ప్రశ్న: 'క్రోనో ట్రిగ్గర్' 1995 నాటి ఆట. నేను ఆడినవన్నీ ఈ మధ్య వచ్చిన త్రీడీ ఆటలే. ఇంత పాతదాన్ని ఇప్పుడు మొదలుపెడితే ఓపిక నిలుస్తుందా? నిజంగా ఆడదగ్గదేనా, పాతవాళ్ళ మోజేనా?

జవాబు: ఆడదగ్గదే. పాత జపనీస్ ఆర్పీజీల్లో (పాత్రల్ని పెంచుకుంటూ కథలో సాగే ఆటలు) ఒక్కటే ఆడతానంటే దీన్నే ఆడమంటాం. పేరు చూసి చెప్పడం లేదు. ఇది మీ టైం తినదు, అదీ సంగతి. ప్రధాన కథ ఇరవై, ఇరవై అయిదు గంటల్లో అయిపోతుంది. ఆ కాలపు ఆటల్లో నాలుగడుగులు వేస్తే చాలు, ఎక్కడినుంచో కనపడని శత్రువు ఊడిపడి స్క్రీన్ మారిపోయేది. ఇందులో శత్రువులు చాలాచోట్ల ఎదురుగానే తిరుగుతూ కనిపిస్తారు, కొందరిని పక్కనుంచి తప్పుకుపోవచ్చు. తలపడితే నిలబడ్డ చోటే పోరాటం మొదలవుతుంది.

తయారుచేసినవాళ్ళు కూడా సామాన్యులు కారు. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరోనొబు సకగుచి, డ్రాగన్ క్వెస్ట్ రూపకర్త యూజి హోరీ, డ్రాగన్ బాల్ గీసిన అకిరా తొరియామా కలిసి పనిచేశారు. అప్పటికి స్క్వేర్, ఎనిక్స్ పోటీ కంపెనీలు. అవి ఒక్కటైంది 2003లో. సంగీతం ఎక్కువభాగం యసునొరి మిత్సుదాది. పని ఒత్తిడికి ఆయన కడుపులో పుండ్లతో మంచాన పడితే మిగిలింది నొబువొ ఉయెమత్సు పూర్తిచేశారు. వినేటప్పుడు ఆ అతుకు ఎక్కడా తెలియదు.

కథ క్రీ.శ. 1000లో మొదలై 600కి, 2300కి, ఆరున్నర కోట్ల ఏళ్ళ వెనక్కి తిరుగుతుంది. కాలయానం చాలా ఆటల్లో ఉంది కానీ, ఇందులో దాని ఫలితం కంటికి కనపడుతుంది. ఒక ఉదాహరణ: 1000లో పోరే ఊరి పెద్ద పరమ పిసినారి, అడిగిన వస్తువు చచ్చినా ఇవ్వడు. అదే ఊళ్ళో హోటల్‌లో 9900 జీ (ఆటలో డబ్బు) పెట్టి ఎండు మాంసం కొని, 600కి వెళ్ళి అతని పూర్వీకురాలికి ఇవ్వాలి. ఆమె 10000 జీ ఇస్తానంటుంది. తీసుకుంటే వంద లాభం, అంతే. ఉచితంగా ఇచ్చేస్తే ఆమె పిల్లలకి ఆ మంచితనం నేర్పుతుంది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఊరి పెద్ద దాత అయి కూర్చుంటాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, మీరే వెతుక్కోండి.

లోపాలూ చెప్పాలి. నాయకుడు క్రోనో దాదాపు నోరు విప్పడు. ఎవరు ఏ విద్య ఎప్పుడు నేర్చుకోవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది కాబట్టి, పాత్రల్ని మన ఇష్టప్రకారం మలుచుకోవడం మీకు ముఖ్యమైతే నిరాశ తప్పదు.

ప్రశ్న: చాలా వెర్షన్లు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: నింటెండో డీఎస్ వెర్షన్ (2008) దొరికితే అదే. మ్యాపూ మెనూలూ రెండో స్క్రీన్ మీదికి వెళ్ళిపోతాయి, అనువాదం మూలానికి దగ్గర. అందులో కొత్తగా కలిపిన 'లాస్ట్ శాంక్టమ్' భాగం మాత్రం అటూ ఇటూ తిరిగే చాకిరీ, వదిలేసినా నష్టం లేదు. ప్లేస్టేషన్ వెర్షన్‌లో యానిమే దృశ్యాలు బాగుంటాయి కానీ, మెనూ తెరిచినా పోరాటం మొదలైనా లోడింగ్ కోసం ఆగాలి. అవే దృశ్యాలు డీఎస్‌లోనూ ఉన్నాయి కనుక దాని జోలికి పోనక్కర్లేదు. పీసీ వెర్షన్ 2018 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు బొమ్మలు అలుక్కుపోయినట్టుండి, మెనూలు ఫోన్ నుంచి ఎత్తి పెట్టినట్టుండి తిట్లు తిన్నది. ఆ ఏడాదే వరుసగా అప్‌డేట్లు ఇచ్చి బాగుచేశారు. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్‌ని 'ఒరిజినల్'కి మార్చుకుని ఆడండి.

ప్రశ్న: పోరాటంలో మెనూ తెరిచి టెక్ (పాత్ర నేర్చిన ప్రత్యేక విద్య) వెతుక్కునేలోపే శత్రువు రెండుసార్లు కొట్టేస్తున్నాడు. నా చేతివేగం చాలదా?

జవాబు: చేతివేగం కాదు, మీరు 'యాక్టివ్' మోడ్‌లో ఉన్నారు. అందులో మీరు మెనూ చూస్తున్నా కాలం నడుస్తూనే ఉంటుంది. 'వెయిట్' మోడ్‌కి మార్చండి. టెక్ లిస్టో వస్తువుల లిస్టో తెరవగానే అంతా ఆగిపోతుంది. మొదటి కమాండ్ మెనూ దగ్గర మాత్రం ఆగదు, కాబట్టి ఆలోచించేది ఉంటే ముందు టెక్ లిస్ట్ తెరిచి అక్కడ ఆలోచించండి.

అయితే కాలం నడవనివ్వడమే లాభమైన సందర్భాలూ ఉన్నాయి. శత్రువులు ఊరికే నిలబడరు, కదులుతుంటారు. క్రోనో 'సైక్లోన్' కొడితే ఎంచుకున్నవాడితోపాటు వాడి చుట్టుపక్కల ఉన్నవాళ్ళకీ తగులుతుంది. క్రోనో స్నేహితురాలు లుక్కా 'ఫ్లేమ్ టాస్' ఒక గీతలో ఉన్నవాళ్ళందర్నీ కాలుస్తుంది. టర్న్ రాగానే కొట్టెయ్యకుండా క్షణం ఆగితే, విడివిడిగా ఉన్న ముగ్గురు ఒకచోటికి చేరతారు, మూడు దెబ్బల పని ఒక దెబ్బతో అవుతుంది. ఇద్దరి టర్నూ నిండితే జంట టెక్ వస్తుంది: క్రోనో సైక్లోన్, కప్ప రూపంలోని వీరుడు ఫ్రాగ్ 'స్లర్ప్ కట్' కలిస్తే ఎక్స్ స్ట్రైక్. ఒక్క బాస్ ఉన్నచోట దాని తర్వాతే ఏదైనా.

ఇంకోటి. పార్టీలో (మీతో పోరాడే ముగ్గురిలో) లేనివాళ్ళకి అనుభవం పాయింట్లు కొంత వస్తాయి కానీ టెక్ పాయింట్లు రావు. ఎప్పుడూ అదే ముగ్గురితో తిరిగితే మిగతావాళ్ళు లెవెల్ ఉండీ విద్య లేనివాళ్ళుగా మిగులుతారు. మార్చి మార్చి ఆడండి, వేరే గ్రైండింగ్ (పాయింట్ల కోసం పదే పదే పోరాడటం) అక్కర్లేదు.

ప్రశ్న: 2300లో ఏరిస్ డోమ్‌లో ఆగిపోయాను. ఎలుక దొరకడం లేదు.

జవాబు: నడిస్తే ఎప్పటికీ దొరకదు. బీ బటన్ పట్టుకుని పరుగెత్తి, పక్కకి చేరగానే ఏ నొక్కాలి. దొరికాక అది చెప్పే రహస్యం: ఎల్, ఆర్ రెండూ పట్టుకుని ఏ నొక్కడం. బటన్లు సూపర్ నింటెండో, డీఎస్‌ల లెక్కలో చెప్పాం.

ప్రశ్న: మాంత్రికుడు మేగస్ చేతిలో ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు. లెవెల్ పెంచుకురావాలా?

జవాబు: లెవెల్ ఒక్కటే పెంచితే పని జరగదు. మేగస్ తన చుట్టూ రక్షణ మారుస్తుంటాడు. ఒక సమయంలో ఒక్క శక్తే అతనికి తగులుతుంది, తక్కినవాటితో కొడితే ఒంట్లోకి లాగేసుకుంటాడు. ఏదో తెలుసుకునేది అతను విసిరే మంత్రాన్ని చూసే. నిప్పు విసిరితే నిప్పుతో, నీళ్ళ మంత్రం వేస్తే నీళ్ళతో కొట్టాలి. పిడుగుకి క్రోనో, నీళ్ళకి ఫ్రాగ్, నిప్పుకి లుక్కా. చీకటి శక్తి వేసినప్పుడు ఈ ముగ్గురి దగ్గరా జవాబు లేదు, ఆ కాసేపు గాయాలు మాన్పుకుంటూ ఉండండి. మధ్యలో ఫ్రాగ్ మసమునే కత్తితో కొడుతుంటే మేగస్‌కి మంత్రాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

మీ ఫ్రాగ్‌కి అసలు నీళ్ళ మంత్రం ఉందా? చాలామందికి ఉండదు, ఇక్కడ ఓడిపోవడానికి అదే కారణం. ఫ్రాగ్ పార్టీలో స్థిరపడేది స్పెక్కియో దగ్గర మిగతావాళ్ళు మంత్రాలు నేర్చుకున్న తర్వాత. అతన్ని విడిగా మళ్ళీ 'కాలాంతం'లో ఉన్న స్పెక్కియో గదికి తీసుకెళ్ళాలి. తలుపు దగ్గర మొదలుపెట్టి, గోడ వెంబడి గడియారం ముల్లు తిరిగే వైపుగా మూడు చుట్లు తిరిగి, స్పెక్కియోతో మాట్లాడాలి. మూలలు కోసుకుంటూ అడ్డంగా పోతే చుట్టు లెక్కలోకి రాదు.

రక్షణ మార్చడం ఆపేశాక మేగస్ కాసేపు మంత్రం జపించి 'డార్క్ మ్యాటర్' వదులుతాడు. అది ముగ్గురికీ తగులుతుంది. జపం మొదలవగానే ఇద్దరు కొట్టాలి, మూడోవాడు అందరి హెచ్‌పీ (ప్రాణశక్తి) నింపి ఉంచాలి.

ప్రశ్న: మూసి ఉన్న నల్ల పెట్టెల్లో మంచి వస్తువులు పోగొట్టుకుంటామని విన్నాను. నిజమా?

జవాబు: నిజమే, అదీ తొందరపడితేనే. మొదట్లో కలిసే అమ్మాయి లాకెట్‌కి శక్తి వచ్చాక ఈ పెట్టెలు తెరుచుకుంటాయి. ఒకే పెట్టె 600లోనూ 1000లోనూ ఉంటే, ముందు 600లో దాన్ని ముట్టుకుని, వస్తువు తీసుకుంటావా అంటే వద్దనండి. 1000కి వెళ్ళి తెరిస్తే అదే వస్తువు మెరుగుపడి దొరుకుతుంది. తర్వాత వెనక్కి వచ్చి 600 నాటిది కూడా తీసుకోండి. ముందే 600లో లాగేసుకుంటే 1000లో ఖాళీ పెట్టె మిగులుతుంది. పెట్టెకి తర్కం తెలుసు మరి.

ప్రశ్న: కోర్టు విచారణలో నిర్దోషిగా బయటపడాలంటే?

జవాబు: మొదట్లో తిరునాళ్ళలో చేసినవే సాక్ష్యాలు. ఒక అమ్మాయి మిమ్మల్ని ఢీకొన్నాక కిందపడ్డ ఆమె లాకెట్ తీయకముందే ఆమెను పలకరించండి. ముసలాయన తిండి తినకండి. పాప పిల్లిని తెచ్చివ్వండి. అమ్మాయి మిఠాయి ఎంచుకునేటప్పుడు కదలకండి. లాకెట్ అమ్ముతానని అసలే అనకండి. ఇంత చేసి ఏడుగురు జ్యూరీ మీవైపే తీర్పిచ్చినా జైలు తప్పదు, కథ అలాగే నడవాలి. బహుమతిగా కొన్ని ఈథర్లు (మంత్రశక్తి నింపే మందులు) దక్కుతాయి.

జైలు నుంచి పారిపోతూ వంతెన మీద డ్రాగన్ ట్యాంక్ అడ్డొస్తుంది. మొదట తల పగలగొట్టండి. తక్కిన భాగాల్ని బాగుచేసేది అదే. అది ఉన్నంతసేపు చక్రాన్ని ఎంత కొట్టినా వృథా.

ప్రశ్న: గైడ్ పక్కన పెట్టుకుని ఆడాలా?

జవాబు: మొదటిసారి వద్దు. ముగింపులు పన్నెండుకు పైనే ఉన్నాయి, అన్నీ ఒక్కసారికే చూడలేరు. ఒకసారి పూర్తయ్యాక 'న్యూ గేమ్ ప్లస్' తెరుచుకుంటుంది. లెవెల్సూ ఆయుధాలూ మీ దగ్గరే ఉంటాయి. అప్పుడు తిరునాళ్ళలో టెలీపాడ్‌ల కుడివైపుదానిలోకి అడుగుపెడితే ఏకంగా చివరి శత్రువు లావోస్ దగ్గరికే వెళ్తారు. కథలో ఏ దశలో అతన్ని ఓడించారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. గైడ్ పని అప్పుడు. ఒక్క మినహాయింపు: కథ చివర్లో అడవి నాటే ఘట్టం తర్వాత, లుక్కా ఒంటరిగా తన చిన్నతనానికి వెళ్తుంది. అక్కడ తల్లి చిక్కుకున్న యంత్రం ఆపే కోడ్ గదిలో కాగితం మీద ఉంటుంది, తల్లి పేరే కోడ్. ఎల్, ఏ, ఆర్, ఏ. గడువు చాలా తక్కువ, తప్పితే ఆ తల్లి కాళ్ళు కదలకుండా అలాగే ఉండిపోతాయి. ఆ ద్వారంలోకి అడుగుపెట్టేముందు వేరే స్లాట్‌లో సేవ్ చేసుకోండి.