చెక్కు రాసిన రోజే ఆ డబ్బు మీది కాదు

ప్రశ్న: డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒకటో తేదీన అద్దెకు 600 డాలర్ల చెక్కు ఇచ్చాను. ఐదో తేదీన బ్యాంకు యాప్‌లో 740 కనిపిస్తే సరుకులకు, పుస్తకాలకు 180 ఖర్చు పెట్టాను. ఎనిమిదిన చెక్కు, మర్నాడు 30 డాలర్ల ఫోను బిల్లు వచ్చాయి. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడినందుకు 35 చొప్పున రెండుసార్లు ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము పడింది. బ్యాంకు లెక్క ఆలస్యంగా చూపిస్తే నేనేం చేయను?

జవాబు: ఈ విషయంలో బ్యాంకును తప్పుపట్టలేను. మీ చెక్కు వారం రోజులు ఇంటి యజమాని సొరుగులో ఉంది. ఆయన జమ చేసేదాకా అలాంటిది ఒకటుందని బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? తెలిసింది మీకొక్కరికే. ఆ 740లో అద్దె, ఫోను బిల్లు పోను మీరు వాడుకోదగ్గది 110. డెబ్భై ఎక్కువ వాడారు, ఇంకో డెబ్భై రుసుము కట్టారు. వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లో పనిచేసే విద్యార్థికి ఇది చిన్న దెబ్బ కాదు.

చెక్కులే కాదు, కార్డు కూడా ఇలాగే మోసపుచ్చుతుంది. హోటల్లో కార్డు గీసినప్పుడు 40 డాలర్ల బిల్లే కనబడుతుంది. మీరు రాసిన 8 డాలర్ల టిప్పు తర్వాతెప్పుడో కలుస్తుంది. పెట్రోలు బంకులో దీనికి తలకిందులు. మీరెంత పోయించుకుంటారో పంపుకు తెలియదు కనుక, ఇరవై డాలర్ల పెట్రోలుకు వంద దాటి కూడా పట్టి ఉంచవచ్చు. అసలు మొత్తం తేలేదాకా ఆ డబ్బు మీకు అందదు. ఖాతాలో తక్కువ ఉన్నప్పుడు లోపలికి వెళ్లి, ఎంతకు కావాలో చెప్పి కట్టండి.

ఏటీఎంకు, కార్డుతో చేసే విడి కొనుగోళ్లకు మీ అనుమతి లేకుండా ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేయకూడదని 2010 నుంచి అక్కడ నిబంధన ఉంది. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకుని ఉంటే ఇప్పుడైనా రద్దు చేయించండి. డబ్బు చాలకపోతే కార్డు పనిచేయదు, కాస్త చిన్నతనంగా ఉంటుంది, అంతే. అయితే ఈ రక్షణ చెక్కులకు, నెలనెలా వాటంతటవే కోత పడే బిల్లులకు లేదు. మిమ్మల్ని ముంచినవి సరిగ్గా ఆ రెండే.

అందుకే అద్దెకు వేరే ఖాతా తెరవమంటాను. జీతం పడిన రోజే 600 అందులోకి మార్చండి, చెక్కులు అక్కడి నుంచే రాయండి, ఆ ఖాతా కార్డు పెట్టెలో పడేయండి. నెలవారీ రుసుము లేని ఖాతా చూసుకోండి. ఫోను బిల్లు తేదీని జీతం తర్వాతకు జరిపించుకోండి.

కట్టిన 70 సంగతి: ఇది మొదటిసారైతే బ్యాంకుకు ఫోను చేసి, వెనక్కి ఇవ్వమని మర్యాదగా అడగండి. అది మీ హక్కు కాదు గానీ, అడిగినవారికి చాలాసార్లు ఇస్తారు. మనవాళ్లు మొహమాటపడి అడగరు. బ్యాంకు మారాలనుకుంటే క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకులు ఈ రుసుమును ఎత్తివేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2022లో 35 నుంచి 10కి తగ్గించింది. రుసుము లేదని చెక్కు చెల్లుతుందనుకోకండి. అది తిరిగొస్తే ఇంటి యజమాని జరిమానా వేయవచ్చు.

ఆయన ఏ నెలైనా చెక్కు జమచేయడం మరిచిపోతే, ఆ డబ్బు ముట్టుకోవద్దు. ఆరు నెలలు దాటిన చెక్కును బ్యాంకు చెల్లించి తీరాలని లేదు, కానీ చెల్లించనూవచ్చు. మీ అద్దె బాకీ మాత్రం అలాగే ఉంటుంది.